మూడు పొయ్యిలు, ఒకే లోడు కట్టె: బెంగళూరు శివారులో ఒక ఇంటి కేస్ స్టడీ

పొయ్యిలు, పొగగొట్టాలు, స్నానాల నీళ్ల బాయిలర్లు కట్టడం, బాగుచేయడం నా వృత్తి. బెంగళూరులో ఈ పని మీద 20 ఏళ్లకు పైగా తిరుగుతున్నాను. నన్ను పిలిచేవాళ్లలో ఎక్కువమంది పొయ్యి చెడిపోయిందనే పిలుస్తారు. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో పొయ్యికి పెద్దగా లోపం ఉండదు, లోపం అందులో పెడుతున్న కట్టెలో ఉంటుంది. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఇంటి సంగతి. ఈ ఇంట్లో మూడు వేర్వేరు అవసరాలకు మూడు పొయ్యిలు ఉండటం వల్ల, ఏ మంటకు ఏ కట్టె సరిపోతుందన్న విషయాన్ని ఒకేచోట కొలిచి చూసే వీలు కలిగింది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ఇల్లు హోస్కోట వైపు ఉంది. ఆ కుటుంబానిది మదనపల్లె. యజమాని, ఆయన భార్య ఇద్దరూ ఉద్యోగస్తులు. యజమాని తండ్రిగారికి 80 ఏళ్లు దగ్గరపడుతున్నాయి. హాల్లో గాజు తలుపున్న ఇనుప పొయ్యి ఒకటి, దానికి 6 అంగుళాల గొట్టం ఉన్నాయి. వెనకవైపు స్నానాల గదిని ఆనుకుని 60 లీటర్ల రాగి కాగు కింద కట్టెల పొయ్యి ఉంది. పెద్దాయన గీజరు నీళ్లు పోసుకోరు. పెరట్లో రేకుల షెడ్డు కింద గాడిపొయ్యి తవ్వించారు. నెలకు ఒకటి రెండుసార్లు బంధువులు కలిసినప్పుడు బిర్యానీ, రాగిసంగటి, నాటుకోడి పులుసు అక్కడే వండుతారు.

నవంబరు రెండో వారంలో నన్ను పిలిచారు. హాల్లో పొయ్యి వెలిగిస్తే గది నిండా పొగ కమ్ముతోంది, గొట్టం అతుకుల దగ్గర నల్లటి జిగురు కారి గోడ మీద చారలు కట్టింది. కాగులో నీళ్లు కాగడానికి గంటకు పైగా పడుతోంది. దీపావళికి వండిన బిర్యానీ అడుగు మాడి, పైన బియ్యం పలుకుగా మిగిలిపోయింది. మూడు పొయ్యిలూ మార్చేయాలన్న నిర్ణయానికి వాళ్లు దాదాపు వచ్చేశారు, నా దగ్గర అంచనా ఖర్చు అడగడమే మిగిలింది.

నేను పొయ్యిల కంటే ముందు కట్టెల కుప్ప చూపించమన్నాను. అక్టోబరులో ఒక డిపో నుంచి 2 టన్నులు తెప్పించి, కాంపౌండు గోడకు ఆనించి నేల మీదే పోయించారు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఏడాది మొత్తంలో బాగా వానలు పడే కాలం. కట్టెలన్నీ తొక్కతో సహా గుండ్రటి ముక్కలు, చాలావాటి మందం 4 నుంచి 6 అంగుళాలు. తండ్రిగారు నా వెంటే వచ్చి రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టారు. దబ్బుమని మొద్దుచప్పుడు వచ్చింది. "చూడు నాయనా, ఎండిన కట్టెయితే ఖణీమని మోగాల. ఇది పచ్చిది. పొయ్యిలో పెడితే చివర్లమ్మట నురగ కక్కి ఏడుస్తా ఉంది. నేను చెప్తే వీళ్లు వినలేదు" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయితే కుటుంబం నమ్మాలంటే అంకె కావాలి, నాకూ అంకె కావాలి.

కొలత

తేమ మీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కట్టె చివర గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది, ఎందుకంటే చివరలు ముందే ఆరిపోతాయి. ముక్కను అప్పటికప్పుడు నిలువునా చీల్చి, లోపలి ముఖం నడుమ గుచ్చాలి. కుప్ప పైన, మధ్య, అడుగు భాగాల నుంచి రెండేసి ముక్కలు తీసి చీల్చి చూస్తే అన్నిట్లో 35 శాతం దాటింది. 30 దాటిన తర్వాత ఈ మీటర్లు చెప్పే అంకెను పెద్దగా నమ్మడానికి వీల్లేదు. అందువల్ల ఒక ముక్క నడుమ నుంచి అంగుళం మందాన బిళ్ల కోయించి, వంటింటి కాటా మీద తూచి, 105 డిగ్రీల వద్ద ఓవెన్‌లో పెట్టి, వరుసగా రెండు తూకాలు ఒకేలా వచ్చేదాకా ఆరబెట్టాం. మరునాటి సాయంత్రానికి 412 గ్రాముల బిళ్ల 241 గ్రాములకు తగ్గి అక్కడ నిలిచింది. అంటే మొత్తం బరువులో 41.5 శాతం నీరే.

ఈ లెక్కను కుటుంబం ముందు కాగితం మీద వేసి చూపించాను. మిగతా కుప్ప కూడా ఇలాగే ఉందనుకుంటే, 2,000 కిలోలలో దాదాపు 830 కిలోలు నీరు, 1,170 కిలోలు మాత్రమే కట్టె. అదే కట్టెను 15 శాతం తేమకు ఆరబెట్టి తూచి ఉంటే 1,380 కిలోల లోపే తూగేది. మన దగ్గర వంటచెరకు కిలోల లెక్కన అమ్ముతారు. కాబట్టి పచ్చికట్టె కొన్నవాడు నీళ్లకు డబ్బు కట్టినవాడే. చెట్టు పేరు అడిగే ముందు తేమ అడగాలని నేను ప్రతి ఇంట్లోనూ పట్టుబట్టడానికి ఇదే మొదటి కారణం. పూర్తిగా ఎండిన తర్వాత ఏ చెట్టు కట్టెనైనా కిలో లెక్కన చూస్తే వేడిలో పెద్ద తేడా ఉండదు, కిలోకు సుమారు 18 నుంచి 20 మెగాజౌళ్ల (వేడిని కొలిచే ప్రమాణం) మధ్యనే ఉంటుంది. గట్టి కట్టె ఎక్కువ మండుతుందని మనం అనుకోవడానికి కారణం, అదే పరిమాణంలో దాని బరువు ఎక్కువగా ఉండటం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని వృత్తిలో ఉన్నవాళ్లే తరచు తప్పుగా చెబుతారు. తడి కట్టెలోని వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుందని అంటారు, అది పూర్తి నిజం కాదు. ఈ కుప్పలోని ఒక కిలో కట్టెలో ఉన్న 415 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి 1 మెగాజౌలుకు కాస్త పైగా చాలు. అదే కిలోలో ఉన్న పొడి కట్టె 10 మెగాజౌళ్లకు పైగా ఇవ్వగలదు. అంటే ఆవిరికి పోయేది పదో వంతే. అసలు నష్టం వేరే చోట జరుగుతోంది. కట్టె బరువులో నాలుగింట మూడు వంతులు లేదా అంతకన్నా ఎక్కువ భాగం వేడికి వాయువుగా మారి బయటకు వచ్చేదే. మనం మంట అనేది ఆ వాయువులు కాలడమే. అవి పూర్తిగా కాలడానికి 600 డిగ్రీల పైమాట వేడి కావాలి. కట్టెలో నీరున్నంతసేపు ఆ ముక్క ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పొయ్యి లోపలి భాగమంతా చల్లబడుతుంది, వాయువులు కాలకుండానే పొగగా గొట్టంలోకి వెళ్లిపోతాయి. అక్కడ గొట్టం గోడలు చల్లగా ఉంటే అవే తారుగా పేరుకుంటాయి. ఆ ఇంటి గోడ మీద కారిన నల్లటి జిగురు కాలాల్సిన ఇంధనమే.

కుప్పలో ఏమేం ఉన్నాయి

డిపోలో "సర్వె" అని చెప్పి ఇచ్చారట. కన్నడంలో సర్వె అంటే మన సరుగుడే, నెల్లూరు వైపు సర్వి అంటారు. కుప్ప విడదీసి చూస్తే సగానికి కాస్త ఎక్కువ నిజంగానే సరుగుడు: నారలుగా ఊడే తొక్క, ఎర్రమట్టి రంగు చేవ, కోసిన ముఖం మీద నడిమి నుంచి అంచులకు పరుచుకున్న స్పష్టమైన గీతలు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీలగిరి, అంటే మనం జామాయిలు అనేది. దాని తొక్క నునుపుగా ఉంటుంది, పచ్చిగా చీల్చినప్పుడు వాసన పట్టిస్తుంది. బెంగళూరు గ్రామీణం, కోలారు జిల్లాల్లో దశాబ్దాలుగా ఈ తోటలు విరివిగా వేశారు. భూగర్భ జలాల మీద ఆందోళనతో కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటడాన్ని నిషేధించింది, అయితే పాత తోటల కట్టె ఇంకా వస్తూనే ఉంది. అడుగున పదో పన్నెండో తురాయి మొద్దులు కనిపించాయి. నగరంలో వేసవి గాలివానలకు కూలే చెట్లలో ఇది తరచు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే పచ్చిగా ఉన్నా మెత్తగా తగులుతుంది, ఎండితే తేలికైపోతుంది.

సరుగుడు తెప్పించమని సలహా ఇచ్చింది చెన్నైలో ఉండే వాళ్ల బంధువు. ఆ సలహాలో తప్పు లేదు. వంటచెరకులో సరుగుడుది చాలా పెద్ద పేరు. 19వ శతాబ్దంలో మద్రాసు తీరం వెంబడి సరుగుడు తోటలు పెంచింది రైలింజన్లలో కాల్చడానికే. బరువైన కట్టె, మంట నిలకడగా ఉంటుంది, నిప్పు కూడా బాగా నిలుస్తుంది. అయితే ఆ పేరులోనే ఒక చిక్కు దాగి ఉంది. సరుగుడు పచ్చిగా ఉన్నా అంటుకుంటుందని చాలామందికి తెలుసు, అది నిజమే కూడా. బహిరంగంగా మండే పెద్ద పొయ్యిలో, ఆరుబయట, పొగ ఎటు పోయినా ఫరవాలేనప్పుడు అది గడిచిపోతుంది. గాలి తగ్గించి తలుపు మూసే హాలు పొయ్యిలో గడవదు. మంచి కట్టె అన్న ధైర్యంతోనే ఈ కుటుంబం దాన్ని ఎండబెట్టకుండా వాడింది. ఏ పేరూ లేని కట్టె అయి ఉంటే బహుశా ఎండలో పెట్టి ఉండేవాళ్లు.

పొయ్యిల్లో నిజంగా ఉన్న లోపాలు

కట్టె మీదే నేరమంతా మోపడం న్యాయం కాదు. హాలు గొట్టం డాబా మీదికి వచ్చాక రెండడుగులే లేచి ఆగిపోయింది. ఆరడుగుల దూరంలో మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. గాలి ఆ గోడను కొట్టి కిందికి సుడి తిరిగినప్పుడల్లా పొగను గొట్టంలోకి తిరిగి నెడుతోంది. గొట్టం కప్పును దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న ఏ అడ్డుకన్నా 2 అడుగులు ఎత్తుండాలి అన్నది మేం పాటించే కొలత. దాని ప్రకారం గొట్టాన్ని పొడిగించి, ట్యాంకును ఇంకో మూలకు జరిపించాను. హాల్లో సమకోణంలో తిరిగిన రెండు వంపులను వాలు వంపులుగా మార్చాను. గొట్టం దింపి గీకితే చేటెడు తారు పెళ్లలు రాలాయి. అది ఒకసారి అంటుకుంటే గొట్టం లోపలే మంటలు లేస్తాయి. కాబట్టి గీకకుండా కొత్త కట్టె వేయడానికి నేను ఒప్పుకోలేదు.

ఆ తారుకు బెంగళూరు వాతావరణం కూడా కొంత కారణం. ఈ నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు, మామూలుగా డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టూ ఉంటాయి, శివార్లలో ఇంకాస్త తగ్గుతాయి. అంత చలికి ఆ పొయ్యి నిండుగా మండితే హాలు అరగంటలో ఉక్కపోస్తుంది. అందుకని పొయ్యి నిండా కట్టె కుక్కి, గాలి రంధ్రం దాదాపు మూసి, రాత్రంతా రగిలేలా వదిలేస్తున్నారు. చలిదేశాల కోసం తయారైన పొయ్యిని మన చలికి వాడేవాళ్లందరూ చేసే పొరపాటు ఇది. కొద్దిపాటి వేడి కావాలంటే కొద్దిపాటి కట్టె వేసి, గాలి బాగా ఇచ్చి, చురుకుగా మండించి ఆర్పేయాలి. నిండా పెట్టి గొంతు నొక్కితే పొగ తప్ప మరేమీ రాదు.

కాగు కింది పొయ్యికి జాలీ లేదు. కట్టె బూడిదలోనే కాలుతోంది, ముందున్న పెద్ద నోటి గుండా చల్లగాలి అంతా లోపలికి పోతోంది. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య రెడ్డి గారు ఆరంభించిన ఆస్త్రా అనే గ్రామీణ సాంకేతిక బృందం రూపొందించిన ఆస్త్రా ఒలె (కన్నడంలో ఒలె అంటే పొయ్యి) ఇదే ఊరి నుంచి వచ్చింది. కట్టె జాలీ మీద కాలాలి, గాలి జాలీ కింది నుంచి కొలతగా రావాలి, వేడి వాయువులు పాత్రను రాసుకుంటూ పోవాలి అన్న ఆ పొయ్యి సూత్రాలే నేను నా పనిలో ఇప్పటికీ వాడుతున్నాను. ఇక్కడ కూడా పోత ఇనుము జాలీ వేసి, నోరు సగానికి తగ్గించి, ఒక రేకు తలుపు పెట్టించాను. గాడిపొయ్యిలో మార్చవలసింది ఏమీ కనిపించలేదు.

పొయ్యిలోకి రాకూడనివి

షెడ్డు మూలన ప్లైవుడ్ ముక్కల గుట్ట కనిపించింది. ఇంటి లోపలి అల్మారాల పని జరిగినప్పుడు మిగిలినవి. తడి కట్టె అంటుకోవడం లేదని వాటినే రాజేయడానికి వాడుతున్నారు, గాడిపొయ్యిలో సైతం. ప్లైవుడ్ పొరలను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పైన అతికించిన మైకా ప్లాస్టిక్ జాతిది. ఆ పొగ అన్నం మీద పడుతోందని చెబితే యజమానురాలు ఆ సాయంత్రమే గుట్టంతా తీయించేశారు. రంగు వేసిన తలుపు చెక్కలు, మందు పట్టించిన చెక్కలు కూడా అంతే. ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడేవాళ్లు దాని మీది ముద్ర చూడాలి: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. రెండోదాన్ని ఇంటి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. మొదటిది సైతం దేవదారు జాతి చెక్కయితే బంక ఎక్కువ, మసి ఎక్కువ, వంటకు పనికిరాదు.

పెరటి కంచెలో ఎర్ర గన్నేరు కత్తిరించిన కొమ్మలు ఎండి పడి ఉన్నాయి. చితుకులుగా బాగుంటాయని పనిమనిషి వాటిని కట్టలు కట్టి పెట్టింది. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే, దాని పొగ కూడా మంచిది కాదు. ఆ కట్టలను పారవేయించి, ఆమెకు విడిగా చెప్పాను, ఎందుకంటే పొయ్యి రాజేసేది ఆమే.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసి వచ్చింది కుంపటి గురించి. తండ్రిగారు చలి ఎక్కువైన రాత్రుల్లో నిప్పులు కుంపట్లోకి ఎత్తి పడకగదిలో పెట్టుకుంటున్నారు, చిన్నప్పటి అలవాటు. పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదని ఆయన నమ్మకం. మదనపల్లెలో పెంకుటింట్లో పైకప్పు సందుల నుంచి గాలి ఆడేది. ఇక్కడ అల్యూమినియం కిటికీలు బిగుతుగా మూసుకుంటాయి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లకు గొంతుకు మంట పుట్టించదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. "అయ్యా, కట్టె సంగతిలో మీ మాటే నేను విన్నాను, ఈ ఒక్క సంగతిలో నా మాట మీరు వినాలి" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత కుంపటి తెచ్చి షెడ్డులో పెట్టించారు.

కట్టెను ఆరబెట్టడం, అందులో నా పొరపాటు

ఉన్న కుప్పను పారేయవలసిన అవసరం లేదు. ఇద్దరు మనుషులను పెట్టి, ముక్కలను అడుగు పొడవుకు కోయించి, మణికట్టు మందం పేళ్లుగా చీల్పించాం. కట్టెలోని నీరు ఎక్కువగా నార వెంట చివరల నుంచే పోతుంది, తొక్క గుండా చాలా నెమ్మదిగా పోతుంది. అందుకే పొడవు తగ్గించడం, తొక్కను తెరవడం రెండూ చేయాలి. జామాయిలును పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. దాని నార మెలిపడి ఉంటుంది, ఎండిందంటే గొడ్డలి దిగడమే కష్టమవుతుంది. కూలీలు అలిసిపోయి చివరి ఇరవై ముప్పై మొద్దులను చీల్చకుండా వదిలేశారు. వాటిని అలాగే ఉండనిచ్చాను, పోల్చి చూడటానికి పనికొస్తాయని.

పేళ్లను ఇటుకల మీద వాసాలు పరిచి, నేలకు జానెడు ఎత్తున, కాంపౌండు గోడకు మూర దూరంలో ఒకే వరుసగా పేర్పించాను. గోడకు ఆనిస్తే గాలి ఆడదు, చెదలు గోడెక్కుతాయి, తేళ్లు చేరతాయి. ఇంతవరకు సరిగ్గానే చేశాను. నవంబరు చివర్లో బంగాళాఖాతం వానలు వస్తాయన్న భయంతో మొత్తం పేర్పును టార్పాలిన్‌తో కింది దాకా కప్పించాను, అదే తప్పు. మూడు వారాల తర్వాత వెళ్లి చూస్తే లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు, పేళ్ల మీద తెల్లటి బూజు, మీటరు అంకె కదలలేదు. కట్టె నుంచి వచ్చిన ఆవిరి బయటకు పోయే దారి లేక మళ్లీ కట్టె మీదే చేరింది. ఆ రోజే టార్పాలిన్ తీయించి, పైన మాత్రం రెండు రేకులు వాలుగా, అంచులు అడుగు బయటికి వచ్చేలా వేయించాను. నాలుగు పక్కలా తెరిచి వదిలేశాం. వాన జల్లు పక్కనుంచి కొట్టినా అది పైపైనే తడుపుతుంది, గాలికి ఒక్క రోజులో ఆరిపోతుంది. నా జాగ్రత్త వల్ల వాళ్లకు మూడు వారాల ఎండ, గాలి పోయాయి.

ఈలోగా కాల్చడానికి ఎండు కట్టె కావాలి. యజమానిని వెంటబెట్టుకుని కల్యాణ మంటపాలకు, బేకరీలకు కట్టె వేసే ఇంకో డిపోకు వెళ్లాను. అక్కడ చింత, నల్లతుమ్మ ఉన్నాయి. కన్నడంలో తుమ్మను జాలి అంటారు. ఉత్త జాలి అంటే సరిపోదు, బళ్లారి జాలి అంటే సర్కారు తుమ్మ, కరి జాలి అంటే నల్లతుమ్మ. సర్కారు తుమ్మ కూడా గట్టి కట్టె, మంచి నిప్పు ఇస్తుంది. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటడంతో ఈ దేశంలో మొదలైన ఆ చెట్టు ఇవాళ ఎవరూ నాటకుండానే పెరుగుతోంది, దాన్ని కొట్టి కాల్చడం భూమికి మేలే. కాకపోతే ఆ రోజు డిపోలో దొరికింది సన్నటి వంకర కొమ్మలు. మేం నల్లతుమ్మ, చింత అడిగి, ఒక ముక్క అక్కడే చీల్చి చూపమన్నాం. డిపో ఆయనకు కోపం వచ్చింది. మీటరు గుచ్చితే 33 చూపించింది; మేం వెనక్కి తిరగబోతుంటే ఆయనే పిలిచి, రేకుల కింద పోయిన వేసవి నుంచి ఉన్న పేర్పు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ 19 వచ్చింది. అర టన్ను తూయించుకున్నాం. మీటరు చూపేది పొడి కట్టె బరువు మీద శాతం కాబట్టి, 19 అంటే మొత్తం బరువులో 16 శాతం నీరు. ఈ రెండు లెక్కలను కలిపేసుకుంటే బేరంలో మోసపోతాం.

ఏ మంటకు ఏ కట్టె

హాలు పొయ్యికి నల్లతుమ్మ, ఎండాక సరుగుడు. రెండు మూడు అంగుళాల పేళ్లు మూడంటే మూడు, వాటి పైన సన్నపేళ్లు, అన్నిటికన్నా పైన చితుకులు పెట్టి, నిప్పు పైనుంచి అంటించమన్నాను. మన పొయ్యిల్లో కింది నుంచి రాజేయడమే అలవాటు కాబట్టి ఇది వింతగా తోస్తుంది. పైనుంచి అంటిస్తే కింది కట్టె నుంచి లేచే వాయువులు మంటను దాటే బయటకు పోవాలి, అందువల్ల కాలిపోతాయి. కొబ్బరి చిప్పలు రాజేయడానికి ఒకటి రెండు చాలు; ఎక్కువ వేస్తే ఇనుము ఎర్రబడేంత వేడి పుడుతుంది.

కాగు కింద గట్టి కట్టె వృథా. అక్కడ కావలసింది అరగంటసేపు పొడవాటి మంట, తర్వాత నిప్పు మిగిలినా దానితో పని లేదు. కొబ్బరి మట్టలు, జామాయిలు సన్నపేళ్లు, ఎండిన తురాయి దానికి చక్కగా సరిపోతాయి. తురాయి కట్టెను పనికిరానిదని పారేయబోయారు. గట్టిది కాకపోవడమే ఇక్కడ దాని గుణం. చింతమొద్దును కాగు కింద పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది, దాన్ని చీల్చడానికి పడిన కష్టం నీళ్ల పాలు చేస్తున్నారు.

చింతకు సరైన చోటు గాడిపొయ్యి. లేత పసుపు చెక్క నడుమ కొద్దిపాటి ముదురు చేవ ఉండే ఈ కట్టె చాలా గట్టిది, ఆలస్యంగా అంటుకుంటుంది, అంటుకున్నాక నిప్పులు గంటల తరబడి నిలుస్తాయి. బిర్యానీకి రెండు వేర్వేరు వేడిమిలు కావాలి. మాంసం మగ్గేటప్పుడు, ఎసరు మరిగేటప్పుడు ఎగసే మంట కావాలి, దానికి సరుగుడు పేళ్లు. దమ్ముకు పెట్టాక మంట అసలు ఉండకూడదు; కింద పలచగా పరిచిన నిప్పులు, మూత మీద అంతే నిప్పులు ఉండాలి. దీపావళినాడు జరిగింది ఏమిటంటే, తడి కట్టె నుంచి నిప్పులు తయారు కాలేదు, మూత మీద పెట్టడానికి ఏమీ లేదు, కింద మాత్రం పొగమంట చివరిదాకా మండింది. అడుగు మాడి పైన పలుకు మిగలడానికి అంతకన్నా వేరే కారణం అక్కరలేదు. వండిన ఆయన పనితనంలో లోపం లేదు. చింత కట్టెను వంటకు గంటన్నర ముందే పక్క గాడిలో విడిగా రాజేసి, దమ్ము వేళకు నిప్పులు సిద్ధంగా ఉంచమని చెప్పాను. సంగటికి మాత్రం సరుగుడు చాలు. ఎసరు తెర్లాక రెండు పేళ్లు వెనక్కి లాగితే సరిపోతుంది, అలా లాగే వీలుండేలా ఆ పేళ్లను పొడవుగా విడిగా కోయించాం.

తర్వాత కొలిచినవి

జనవరి చివర్లో పేళ్లు మీటరు మీద 22 చూపించాయి, అంటే మొత్తం బరువులో 18 శాతం. చీల్చకుండా వదిలేసిన మొద్దులను అప్పుడు చీల్చి గుచ్చితే మీటరు 30 పైనే ఉంది. ఒకే లోడు, ఒకే పేర్పు, ఒకే గాలి. తేడా గొడ్డలి దెబ్బే. నవంబరులో కాగు నీళ్లు కాగడానికి నేను తూచిన కట్టె 4.2 కిలోలు, జాలీ వేశాక, ఎండు కట్టెతో 1.6 కిలోలు సరిపోయింది, సమయం 35 నిమిషాలకు తగ్గింది. ఈ మార్పులో జాలీ వాటా ఎంత, ఎండిన కట్టె వాటా ఎంత అని విడదీసి కొలవలేదు. రెండూ ఒకేసారి చేశాం. హాలు గొట్టాన్ని ఫిబ్రవరిలో మళ్లీ దింపి చూస్తే పొడి మసి మాత్రమే ఉంది, వేలితో తుడిస్తే వచ్చేసింది. సంక్రాంతికి వండిన బిర్యానీ గురించి యజమానురాలు నాకు ఫోన్ చేసి చెప్పారు, అడుగు కూడా గరిటెతో తేలిగ్గా లేచిందట.

ఒక విషయం ఇంకా తేలలేదు. హాలు పొయ్యి వెలిగించిన మొదటి పది నిమిషాలు గొట్టం నుంచి పొగ వస్తూనే ఉంది. శీతాకాలం ఉదయాల్లో బెంగళూరు గాలి కదలదు, ఆ పొగ పక్కింటి మేడ మీదికి దిగుతోంది. వాళ్లింట్లో ఉబ్బసం ఉన్న పిల్ల ఉంది. తెల్లవారుజామున హాలు పొయ్యి వెలిగించవద్దని, నిజంగా చలి ఉన్న కొన్ని రాత్రుల్లోనే, గాలి ఆడే సాయంత్రం వేళలోనే వాడమని చెప్పాను, కుటుంబం ఒప్పుకుంది. గొట్టానికి హాలు లోపలి భాగం నుంచే వేడి నిలిచే పొర చుడితే మొదటి పొగ ఎంత తగ్గుతుందో వచ్చే శీతాకాలానికి ముందు చూస్తాను. కొత్త లోడు ఈసారి అక్టోబరులో కాకుండా ఫిబ్రవరిలోనే తెప్పించారు. లారీ మీద నుంచి దింపుతున్నప్పుడు తండ్రిగారు కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని, పదింటికి ఒకటి తీసి కొట్టి చూశారు. మోగనివాటిని విడిగా వేయించారు, అవి ఎండడానికి వేసవి మొత్తం ఉంది.